కుర్చీకి దారుఢ్య పరీక్ష

గుర్రాల ఓదెలుకు గుండెనొప్పి కరెంటు స్తంభం మీద ఉండగా వచ్చింది. కింద ఉన్నవాళ్లెవరికీ అది తెలియలేదు. నడుముకు కట్టుకున్న బెల్టు పట్టి ఉంచడంతో అతను పడిపోలేదు. తల వాల్చి, చేతులు వేలాడేసి, స్తంభానికి ఆనుకుని ఉండిపోయాడు. పని మధ్యలో కాసేపు సేదతీరుతున్నాడనుకుని కింది ఇద్దరూ బీడీలు వెలిగించుకున్నారు. ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె వచ్చి, ఆయన చెయ్యి అట్లా ఎందుకు ఊగుతున్నదని అడిగితే గాని ఎవరూ తల పైకెత్తలేదు.

ఆస్పత్రిలో స్టెంటు వేశారు. ఇంటికి పంపే రోజున డాక్టరు అతని భార్య కనకలక్ష్మిని కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. స్తంభాలు ఎక్కకూడదు, బరువులు ఎత్తకూడదు, పరుగులు పెట్టకూడదు. కూర్చుని చేసే పని చూసుకుంటే చాలాకాలం బతుకుతాడు. మళ్లీ స్తంభం ఎక్కితే మాత్రం తన దగ్గరికి తీసుకురావలసిన అవసరం కూడా ఉండకపోవచ్చు.

ఓదెలుది విద్యుత్ పంపిణీ మండలిలో లైన్‌మన్ ఉద్యోగం. కూర్చునే పని ఇమ్మని డివిజనల్ ఇంజనీరు పురుషోత్తం దగ్గరికి పోయాడు. పురుషోత్తం చెడ్డవాడు కాదు. ఎవరినీ కాదనడు, ఎవరికీ ఏదీ చేయడు. ఆఫీసు గేటు పక్కన ఒక స్టూలు ఉందనీ, పొద్దటి నుంచి సాయంత్రం దాకా దాని మీద కూర్చుని వచ్చేపోయే అధికారులకు నమస్కారం పెడితే సరిపోతుందనీ చెప్పాడు. ఓదెలు ఒప్పుకోలేదు. తనకు చెడింది గుండె గాని బుర్ర కాదన్నాడు. కూర్చుని చేసినా ఆ పనికి ఒక బాధ్యత ఉండాలన్నాడు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ కుర్చీ ఖాళీగా ఉంది, అది ఇప్పించమన్నాడు.

ఆ కుర్చీ సంగతి కొంచెం చెప్పాలి. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైన్‌లో కరెంటు ఆపమని అడుగుతాడు. ఆపరేటర్ స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుంటాడు. ఎక్కిన మనిషి కిందికి దిగి, దిగానని తన నోటితో ఫోన్‌లో చెప్పేదాకా ఎవరు అడిగినా మళ్లీ కరెంటు ఇవ్వకూడదు. ఈ పనికి కండబలంతో నిమిత్తం లేదు. కుర్చీ వదలకుండా కూర్చోవాలి, ఫోన్ ఎత్తాలి, ఏ లైన్ మీద ఎవరున్నారో మరిచిపోకూడదు. కూర్చున్నవాడు ఏమరితే ఎక్కడో ఒక స్తంభం మీద మనిషి మాడిపోతాడు. ఇన్నేళ్లూ తన ప్రాణం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతుల్లో ఉందనీ, ఇక మీద తాను అక్కడ కూర్చుని మిగతావాళ్ల ప్రాణాలు చూసుకుంటాననీ ఓదెలు అన్నాడు.

ఆ మాట పురుషోత్తంకు నచ్చింది. సిఫారసు రాసి పై ఆఫీసుకు పంపాడు.

పై ఆఫీసులో అప్పటికే గాలి మారింది. మానవ వనరుల డైరెక్టరుగా కొత్తగా వచ్చిన విద్యాధరరావు ఏదో నాయకత్వ శిక్షణ కోసం చల్లటి కొండ ఊరికి పోయి, వచ్చేటప్పుడు చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాన్నీ, మనసులో ఒక సిద్ధాంతాన్నీ తెచ్చుకున్నాడు. లిఫ్టు ఎక్కడం మానేశాడు. సమావేశాలు నిలబెట్టి జరపసాగాడు. సంతకం కోసం ఫైలు తెచ్చిన గుమాస్తాల చేత గుంజీలు తీయించేవాడని చెప్పుకునేవారు. అది ఎంతవరకు నిజమో గాని, ఆయన బల్ల మీదికి ఫైళ్లు రావడం మాత్రం బాగా తగ్గింది. పెండింగు ఫైళ్లు లేని ఏకైక డైరెక్టరుగా ఆయనకు పేరొచ్చింది.

ఆయన సిద్ధాంతం ఉత్తర్వు రూపంలో అన్ని డివిజన్లకూ చేరింది. "బాధ్యత అనునది ఒక భారము. భారమును మోయుటకు బలము అవసరము. కావున బాధ్యతాయుతమైన ఆసనమును అధిష్ఠింపగోరు ప్రతి ఉద్యోగియు తన శారీరక దారుఢ్యమును విధిగా నిరూపించుకొనవలెను." అంటే కుర్చీ కావలసినవాడు మైదానం చుట్టూ పరుగెత్తాలి, ఇసుక బస్తా భుజాన వేసుకుని నడవాలి, ఆ తర్వాత కరెంటు స్తంభం ఎక్కి దిగాలి. దీనికి ఆసన దారుఢ్య పరీక్ష అని పేరు పెట్టారు. మరి స్తంభాలు ఎక్కేవాళ్లకు ఏ పరీక్షా లేదేమని కార్మిక సంఘం అడిగింది. స్తంభం మీది ఉద్యోగికి తన శరీరపు బరువు తప్ప వేరే భారం లేదనీ, ఆ బరువును కూడా మండలివారి స్తంభమే మోస్తున్నదనీ జవాబు వచ్చింది.

పురుషోత్తం ఓదెలును పిలిచి ఉత్తర్వు చదివి వినిపించాడు. ఓదెలు అంతా విని, మెల్లగా అడిగాడు.

"సార్, పోల్ ఎక్కొద్దన్నరనే కద నేను కుర్చీ అడిగింది. ఇప్పుడు కుర్చీల కూసోవాల్నంటే పోల్ ఎక్కుమంటే ఎట్ల?"

పురుషోత్తం కొంతసేపు ఫ్యాను వైపు చూశాడు. ఈ అనుమానం తనకూ వచ్చిందన్నాడు. అయితే అనుమానాల గురించి ఉత్తర్వులో ఏమీ రాయలేదు కాబట్టి తాను దాన్ని వదిలేశానన్నాడు. కావాలంటే డైరెక్టరుగారినే కలుసుకోమని సలహా ఇచ్చాడు.

ఓదెలు పై ఆఫీసుకు పోయినప్పుడు డైరెక్టరు తన గదిలో లేడు. మెట్ల మీద ఉన్నాడు. ఆ వేళలో ఆయన మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడనీ, మనవి చేసుకునేవాళ్లు కూడా ఆయనతో పాటు ఎక్కుతూ దిగుతూ చేసుకోవాలనీ జవాను చెప్పాడు. ఓదెలు ఎక్కలేడు. కింది మెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరు దిగివచ్చిన ప్రతిసారీ ఒక మాట చెప్పాడు. మొదటిసారి తన పేరు, తర్వాతిసారి తన జబ్బు, ఆ తర్వాత తన కోరిక. జవాబులు కూడా అట్లాగే విడివిడిగా వచ్చాయి. కూర్చోవడాన్ని ఓదెలు చులకన చేస్తున్నాడని ఒకసారి వినిపించింది. ప్రపంచమంతా కూర్చోవడం వల్లనే చచ్చిపోతున్నదని ఇంకోసారి వినిపించింది. చివరికి డైరెక్టరు అక్కడే నిలబడి, చెమట తుడుచుకుని, గడియారం చూసుకుని, దయగా చెప్పాడు.

"నీలాంటి గుండె ఉన్నవాడిని కుర్చీలో కూర్చోబెడితే ఆ పాపం మాకు చుట్టుకుంటుంది, ఓదెలూ. ముందు ఆరోగ్యం సంపాదించు. ఆ తర్వాత కూర్చుందువుగాని."

ఆరోగ్యం ఉంటే కుర్చీతో పనేముందని ఓదెలు అడగబోయాడు. డైరెక్టరు అప్పటికే మళ్లీ ఎక్కుతున్నాడు.

పరీక్ష పోలీసు పరేడ్ మైదానంలో పెట్టారు. షామియానా వేసి, మైకు పెట్టి, పక్కన అంబులెన్సును నిలబెట్టారు. ఉద్యోగుల సంక్షేమానికి మండలి ఎంత ఖర్చయినా వెనకాడదని డైరెక్టరు అంబులెన్సు వైపు చెయ్యి చాపి చెప్పాడు. కుర్చీ కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లందరూ ఏదో ఒక కారణంతో కుర్చీ తప్ప గతిలేనివాళ్లు. ఒకడికి నడుము విరిగి అతికింది. ఒకడికి మోకాలు మడవడం లేదు. ఒకామెకు ఆపరేషన్ కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. విజిల్ వేయగానే అందరూ తమకు చేతనైనట్టు కదిలారు. కుంటేవాళ్లు కుంటుతూ నడిచారు, ఒకరి భుజం ఒకరు పట్టుకునేవాళ్లు పట్టుకున్నారు. చూస్తున్నవాళ్లకు అది పరుగుపందెంలా కనిపించలేదు. ఆస్పత్రికి నిప్పంటుకుని రోగులు బయటపడుతున్నట్టుంది.

ఓదెలు సగం మైదానం నడిచాడు. ఛాతీలో బరువు మొదలైంది. డాక్టరు మాట గుర్తొచ్చి, ఎవరేమనుకున్నా సరేననుకుని గడ్డి మీద కూర్చున్నాడు. పరిశీలకుడు పరుగున వచ్చి రాసుకుని పోయాడు. ఫలితాల్లో అతని పేరుకు ఎదురుగా, పరీక్ష జరుగుచుండగా కూర్చున్నందున ఆసనమునకు అనర్హుడని వచ్చింది.

నెగ్గింది మాత్రం ఒక్కడే. వాడు దరఖాస్తు కూడా పెట్టుకోలేదు. మహిపాల్ అనే ఆ కుర్రవాడు కొత్తగా చేరిన లైన్‌మన్, చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడినవాడు. మైకుకు కరెంటు ఇవ్వడానికి వచ్చి, విజిల్ వినగానే కాళ్లు ఊరుకోక సరదాగా అందరితో పాటు పరుగెత్తాడు. బస్తా మోశాడు, స్తంభం కూడా ఎక్కి దిగాడు. డైరెక్టరు వాడిని కౌగిలించుకుని సబ్‌స్టేషన్ కుర్చీ వాడిదేనని మైకులో ప్రకటించాడు. మహిపాల్ ముఖం వాడిపోయింది.

"సార్, నాకు కూసునుడు రాదు. పదో తరగతి పరీక్షల గూడ మధ్యలనే లేచి బయటికొచ్చిన."

వినయం కూడా ఒక దారుఢ్యమేనని డైరెక్టరు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్షలో ఓడినవాళ్లను బహిరంగ సేవకు, అంటే స్తంభాల పనికి పంపుతున్నట్టు వెంటనే ఇంకో ప్రకటన వచ్చింది. బయట గాలి వాళ్ల ఆరోగ్యాన్ని బాగుచేస్తుందని ఉద్దేశం. మహిపాల్ వదిలిన ముఠాలో ఓదెలును వేశారు.

మొదటి రోజు ఓదెలు స్తంభం దగ్గరికి పోయి, బెల్టు చేతిలో పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. తోటివాళ్లు అతన్ని ఎక్కనివ్వలేదు. రెండో రోజూ ఎక్కనివ్వలేదు. కాని ముఠాలో మనుషులు తక్కువ. ఎన్నాళ్లు కాచుకుంటారు? ఇంట్లో అతను ఏమీ చెప్పకపోయినా, బెల్టు మళ్లీ గోడకు వేలాడడం చూసి కనకలక్ష్మికి విషయం అర్థమైంది. ఆమె ఏడవలేదు. అన్నం టిఫిన్‌లో పెట్టుకుని, భర్తకు రావలసిన కుర్చీలో ఎవడు కూర్చున్నాడో చూద్దామని నేరుగా సబ్‌స్టేషన్‌కు పోయింది.

కుర్చీలో ఎవరూ లేరు. లోపల ఫోన్ మోగుతున్నది. మహిపాల్ ఆవరణలో గోడ వెంబడి పరుగెత్తుతున్నాడు. ఆమె కేక వేస్తే వచ్చి ఫోన్ ఎత్తాడు. ఎవరో స్తంభం దిగిన మనిషి, ఎంతసేపటి నుంచి చేస్తున్నా ఎత్తవేమని తిడుతున్నాడు. మహిపాల్ ఫోన్ పెట్టేసి, తలవంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. కూర్చుంటే కాళ్లలో చీమలు పాకుతున్నాయనీ, కళ్లు మూతలు పడుతున్నాయనీ, అందుకే మేలుకోవడానికి పరుగెత్తుతున్నాననీ చెప్పాడు. తన వల్ల ఎవరైనా చచ్చిపోతారేమోనని తిండి కూడా సయించడం లేదన్నాడు.

తిడదామని వచ్చిన కనకలక్ష్మికి వాడి మీద జాలి వేసింది. టిఫిన్ విప్పి వాడికి అన్నం పెట్టింది. వాడు తింటుండగా అడిగింది.

"నువ్వు కూసోలేవు, మా ఆయన ఎక్కలేడు. రేపట్నించి నువ్వు ఎక్కు, ఆయన కూసుంటడు. మీరిద్దరు బతికుంటే సాలదా? ఆ కాగితాల మీద ఏమన్న రాసుకోనీయ్."

మహిపాల్ అన్నం చేతితోనే ఆమెకు దండం పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి కాగితం మీద మహిపాల్ కుర్చీలో, ఓదెలు స్తంభం మీద. నిజానికి ఓదెలు కుర్చీలో, మహిపాల్ స్తంభం మీద. పురుషోత్తంకు తెలుసు. తెలియనట్టుండడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఓదెలు పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. ఫోన్ రెండో మోతకు ఎత్తేవాడు. ఎక్కబోయే ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించి, దిగినాక మరిచిపోకుండా చేయమని చెప్పేవాడు. మహిపాల్ కోతిలా స్తంభాలు ఎక్కి, చెడిన చోటల్లా బాగుచేసేవాడు. ఆ ప్రాంతంలో కరెంటు పోవడం తగ్గిపోయింది. మందులు వేళకు వేసుకుంటూ, పని మీద మనసు పెట్టుకుని ఉండడంతో ఓదెలుకు ముఖంలో మళ్లీ రక్తం కనిపించింది. రాత్రి అన్నం దగ్గర సబ్‌స్టేషన్ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అతని నోట అన్ని మాటలు విని చాలాకాలమైందని కనకలక్ష్మి చుట్టుపక్కలవాళ్లతో చెప్పుకుంది.

కరెంటు పోవడం తగ్గిందన్న వార్త పై ఆఫీసుకు చేరింది. డైరెక్టరు ఆశ్చర్యపోలేదు. బలమున్నవాడిని కుర్చీలో కూర్చోబెడితే ఇట్లాగే ఉంటుందని తనకు ముందే తెలుసన్నాడు. పరీక్షను మండలిలోని కుర్చీలన్నిటికీ విస్తరించాడు. టైపిస్టులు, గుమాస్తాలు, లెక్కలవాళ్లు, అందరూ మైదానానికి పోయారు. జీవితమంతా లెక్కలు చూసిన సుదర్శనం అనే సూపరింటెండెంటు ఆయాసపు మనిషి. ఇసుక బస్తా ఎత్తబోయి దాని మీదనే పడుకున్నాడు. అతన్ని స్తంభాల పనికి వేశారు. అతని కుర్చీలో ఎత్తుదూకుడులో, అంటే హైజంప్‌లో, బహుమతులు తెచ్చుకున్న ఒక యువకుడు వచ్చి కూర్చున్నాడు. కొద్దిరోజుల్లోనే మండలి రూపం మారిపోయింది. కండలు తిరిగినవాళ్లంతా ఫ్యాన్ల కింద కూర్చుని కలాలు విరగ్గొడుతున్నారు. ఉబ్బసం, మధుమేహం, కీళ్లవాతం ఉన్నవాళ్లంతా ఎండలో స్తంభాలను కౌగిలించుకుని ఉన్నారు. బిల్లులు తప్పు రావడం మొదలైంది. మేడ లేని ఇంటికి లిఫ్టు బిల్లు పోయింది. పాత ఉద్యోగులు పోతూ పోతూ చేసిన తప్పులు ఇప్పుడు బయటపడుతున్నాయని వివరణ ఇచ్చారు.

ఇంత గొప్ప సంస్కరణకు ఏదో ఒక సంస్థ బహుమతి ఇవ్వకుండా ఉండదు. ఇచ్చింది. బహుమతి సభను ఓదెలు ఉండే పట్టణంలోనే కళాశాల మైదానంలో పెట్టారు. అన్నిటికన్నా బాగా పనిచేస్తున్న సబ్‌స్టేషన్ అక్కడిదే కదా. సభకు ముందు ఆ కుర్చీలోని క్రీడాకారుణ్ని తానే స్వయంగా వేదిక మీదికి తీసుకుపోవాలని డైరెక్టరు అనుకున్నాడు. కుర్చీలు గెలుచుకున్న కొందరు బలవంతులను వెంటబెట్టుకుని, పురుషోత్తంను ముందు నడిపించి, సబ్‌స్టేషన్‌కు వచ్చాడు.

ఆ సమయానికి కళాశాల వైపు లైన్‌లో తీగ తెగి ఉంది. ఓదెలు కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మహిపాల్ స్తంభం మీద ఉన్నాడు.

డైరెక్టరు లోపలికి వచ్చి కుర్చీలో ఓదెలును చూశాడు. ఎవరు నువ్వని అడిగాడు. ఓదెలు పేరు చెప్పాడు. పేరు గుర్తు లేదు గాని, కింది మెట్టు దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఇంతలో సభ నుంచి డైరెక్టరుకు ఫోన్ వచ్చింది. మైకు పనిచేయడం లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు, ముఖ్య అతిథి చెమటలు కక్కుతున్నాడు, కరెంటు ఎప్పుడు వస్తుంది? డైరెక్టరు ఫోన్ పెట్టేసి, లైన్ వెంటనే వేయమన్నాడు.

"ఎయ్యరాదు సార్. మనిషి పోల్ మీద ఉన్నడు. మహిపాల్."

డైరెక్టరు పురుషోత్తం వైపు తిరిగాడు. రికార్డు ప్రకారం ఈ కుర్చీలో ఎవరుండాలని అడిగాడు. మహిపాల్ అని పురుషోత్తం చెప్పాడు. రికార్డు ప్రకారం స్తంభం మీద ఎవరుండాలని అడిగాడు. ఓదెలు అని చెప్పి పురుషోత్తం కళ్లు దించుకున్నాడు. డైరెక్టరు ముఖం ప్రశాంతంగా అయింది. లెక్క తేలినవాడి ముఖం అది.

"స్తంభం మీద ఉండవలసినవాడివి నువ్వు. నువ్వు ఇక్కడున్నావు. కాబట్టి స్తంభం మీద ఎవరూ లేరు. లైన్ వెయ్యి."

 ఇన్నాళ్లూ ఓదెలు ఈ మనుషులను తెలివితక్కువవాళ్లనుకున్నాడు. ఆ తెలివితక్కువతనం ఒక మనిషిని నిజంగా చంపగలదనీ, చంపినాక కూడా రికార్డు ప్రకారం ఎవరూ చావలేదని చెప్పగలదనీ అప్పుడే అర్థమైంది. కుర్చీని వెనక్కి జరిపి స్విచ్చి బోర్డుకు ఆనించాడు. తాళంచెవి ఉన్న జేబును ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చేతిని వెనక్కి పెట్టి బోర్డు కింది ఇనుప కమ్మీకి మెలివేశాడు.

"మహిపాల్ దిగిన్నని ఫోన్ జేస్తడు. అప్పటిదాంక నేను లేవ."

లేపమని డైరెక్టరు తన వెంట వచ్చినవాళ్లకు చెప్పాడు. ఎత్తుదూకుడు యువకుడు ఒక భుజం పట్టాడు. ఇంకొకడు కుర్చీ కాళ్లు పట్టాడు. మిగిలినవాళ్లు దొరికిన చోట పట్టారు. కుర్చీ నేలనుంచి లేచింది, మళ్లీ పడింది. ఓదెలు చెయ్యి కమ్మీని వదల్లేదు. చొక్కా చిరిగింది. ముంజేయి గీరుకుని నెత్తురు కారింది. ఛాతీలో బరువు మొదలైంది, ఎడమ చెయ్యి లాగింది, కళ్ల ముందు గది మసకబారింది.  అతను ఊపిరి చిన్నగా తీసుకుంటూ బల్ల మీది ఫోన్‌నే చూస్తున్నాడు. సభ నుంచి డైరెక్టరుకు ఫోన్ మీద ఫోన్ వస్తున్నది. బల్ల మీది ఫోన్ మాత్రం మోగడం లేదు.

పురుషోత్తం అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి ముందుకు వచ్చి, వాళ్ల మధ్య నుంచి చెయ్యి దూర్చి, ఎత్తుదూకుడు యువకుడి మణికట్టు పట్టుకుని లాగాడు. పైన ఉన్నది మనిషే, నేను చూశానని అన్నాడు. ఆయన చూడలేదు. తన ఉద్యోగ జీవితంలో ఆయన ఒక పక్క నిలబడడం అదే మొదటిసారి, అందుకు కూడా అబద్ధమే దొరికింది.

అప్పుడు ఫోన్ మోగింది. పురుషోత్తమే ఎత్తి ఓదెలు చెవికి ఆనించాడు. దిగిన కాకా, తీగ అతికింది, కరెంటు ఇయ్యుండ్రి అని మహిపాల్ గొంతు. ఓదెలు కమ్మీ వదిలాడు. ఎవరూ లేపకుండానే లేచి, తాళం తీసి, స్విచ్చి వేశాడు. దూరాన కళాశాల మైకులో పాట అందుకుంది. ఓదెలు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. నాలుక కింద మాత్ర పెట్టుకోవడానికి అతనికి చేతులు ఆడలేదు, పురుషోత్తం పెట్టాడు.

విచారణ జరిగింది. ఆరోపణలు పెద్దవే. అనుమతి లేకుండా కూర్చోవడం, కూర్చున్న తర్వాత లేవకపోవడం, పై అధికారి సమక్షంలో రికార్డుకు విరుద్ధంగా ఉనికిలో ఉండడం. కాని డైరెక్టరుకు ఒక చిక్కు వచ్చిపడింది. బహుమతి వచ్చింది ఆ సబ్‌స్టేషన్ పనితీరును చూసి. ఆ పనితీరు పరీక్షలో ఓడినవాడిదని రాస్తే బహుమతి వెనక్కి ఇవ్వాలి, సిద్ధాంతం కూడా వెనక్కి తీసుకోవాలి. కొండ ఊరికి పోయివచ్చిన మనిషి అంత పని చేయలేడు. ఒక ఆదివారమంతా మెట్లు ఎక్కి దిగి ఆలోచించాడు. విచారణ నివేదిక ఇట్లా వచ్చింది: "దారుఢ్య పరీక్షలో ఉత్తీర్ణులైన పలువురు ఏకమై ప్రయత్నించినను సదరు ఉద్యోగిని ఆసనము నుండి కదల్పజాలకపోయిరి. ఇంతకు మించిన ఆసన దారుఢ్యము మండలి చరిత్రలో నమోదు కాలేదు. కావున సదరు ఉద్యోగి పరీక్షలో ఉత్తీర్ణుడైనట్లు గత తేదీ నుండి ప్రకటించడమైనది."

కుర్చీ ఓదెలుదైంది. పరేడ్ మైదానంలో డైరెక్టరు అతనికి శాలువా కప్పి, ఆరోగ్యం సంపాదించమని ఆ రోజు తాను చెప్పిన సలహా ఎంత పనిచేసిందో చూడమన్నాడు.  ఓదెలు ఇంటికి వచ్చి శాలువా తీసి మంచం మీద పడేశాడు. ఆ కుర్చీ తనకు దొరికినందుకు సంతోషించాలో, దొరికిన తీరుకు సిగ్గుపడాలో తెలియక చాలాసేపు గడపలో కూర్చున్నాడు. కనకలక్ష్మి వచ్చి పక్కన కూర్చుని, గీరుకుపోయిన ముంజేతికి కొబ్బరినూనె రాసింది.

"వాళ్లు నిన్నేమని రాసుకుంటె మనకేంది? ఆ పిల్లగాడు బతికిండు. నువ్వు బతికినవ్."

మహిపాల్‌కు మాత్రం మంచి జరగలేదు. ఉత్తీర్ణుడై ఉండి కూడా స్తంభం ఎక్కి తన దారుఢ్యాన్ని అవమానించుకున్నందుకు వాడిని హెచ్చరించి, మళ్లీ అట్లా జరగకుండా పై ఆఫీసులో లెక్కల విభాగంలో కుర్చీ ఇచ్చారు. పోయే ముందు వాడు సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. ఇద్దరూ చాయ్ తాగారు. అక్కడ కిటికీలోంచి ఒక స్తంభం కనిపిస్తదంట కాకా అని చెప్పి, ముఖం తిప్పుకుని పోయాడు.

వాడు పోయాక ఆ ప్రాంతపు స్తంభాలు సుదర్శనం ముఠాకు వచ్చాయి. ఒకరోజు పొద్దున సుదర్శనం ఫోన్ చేసి బజారు లైన్ ఆపమన్నాడు. ఓదెలు ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎంతసేపటికీ మళ్లీ ఫోన్ రాలేదు. ఓదెలే చేశాడు. అవతల మాట కన్నా ముందు పిల్లికూతల ఊపిరి వినిపించింది. సగం స్తంభం ఎక్కాననీ, పైకి పోలేకపోతున్నాననీ, కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయనీ సుదర్శనం చెప్పాడు. చెబుతూ, ఆలస్యమవుతున్నందుకు క్షమించమన్నాడు.

"తొందరేం లేదు సార్. బెల్టు గట్టిగ పట్టుకోండ్రి. కిందికి సూడకుండ్రి. నిమ్మలంగ ఊపిరి తీసుకోండ్రి, నేను ఫోన్ల ఈడనే ఉంట."

ఓదెలు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఇంకో ఫోన్‌లో మనుషులను నిచ్చెనతో పంపమని పురుషోత్తంకు చెప్పాడు. బజారులో చల్లటి పానీయాల దుకాణంవాళ్లు, పిండిమరవాళ్లు, బ్యాంకువాళ్లు వరసగా అడగసాగారు. ఆ తర్వాత పై ఆఫీసు నుంచి కూడా ఫోన్ వచ్చింది. దారుఢ్యం గల ఆపరేటరుండగా ఇంత ఆలస్యమెందుకని అడిగారు.

అడిగినవాళ్లందరికీ ఓదెలు ఒకటే మాట చెప్పాడు. మనిషి ఇంకా దిగలేదు.